బంటు మంత్రి యగునప్పుడు

చదరంగమాడు బాలురలో పలువురు బంటును చులకనగా చూతురు. అది మెల్లగా ముందునకే నడచును గాని వెనుకకు మరలజాలదు. అయినను అరువదినాలుగు గడుల బల్లపై ఇతర పావులకు లేని గౌరవ మొకటి దానికి కలదు. ఎదుటి పక్షపు చివరి వరుసను చేరిన బంటు బంటుగా నుండరాదు. మంత్రిగానో, మూలగడి ఏనుగుగానో, ఐమూలగా నడచు శకటుగానో, గుఱ్ఱముగానో మాఱియే తీరవలెను. రాజు మాత్రము కాజాలదు. మన మంత్రి ఇంకను బల్లపై నున్నను రెండవ మంత్రిని తెచ్చుకొనవచ్చును.

ఇంటియొద్ద ఆడునప్పుడు అదనపు మంత్రి దొరకనిచో ఏనుగును తలక్రిందుగా నిలిపి, "ఇది మంత్రి" యని చెప్పి ఆట సాగించుట మన యందఱి అలవాటు. వసారాలో స్నేహితుల ఆటకు అది చాలును. పోటీలో ఆ అలవాటు ఎంత నష్టము తెచ్చునో 2017 లో కెనడా దేశమున మాంట్రియల్ నగరమందు కనబడెను. ఆ దేశపు విజేతను తేల్చుటకు బాతోర్ సాంబుయేవ్, నికొలాయ్ నోరిత్సిన్ అనువారు అతివేగపు ఆట ఆడుచుండిరి. నల్లపావుల నోరిత్సిన్ బంటు చివరి వరుసకు చేరెను. అతడు నల్లమంత్రికై వెదకెను. బల్లప్రక్కన అది లేదు. క్షణములు గడచిపోవుచుండగా ఏనుగును తలక్రిందుగా నిలిపెను. మధ్యవర్తి ఆటను నిలిపి, అది ఏనుగే యని తీర్పు చెప్పెను. నోరిత్సిన్ ఓడిపోయెను. పట్టుబడిన నల్లమంత్రి ఆ సమయమున సాంబుయేవ్ చేతిలో నుండినట్లు పిమ్మట చలనచిత్రమున తేలినది. అతడు తెలిసి పట్టుకొనెనో, తెలియక పట్టుకొనెనో మనము నిర్ణయింపజాలము. తీర్పు మాత్రము మాఱలేదు.

తీర్పు కఠినమని తోచవచ్చును. కాని చదరంగ నిబంధనలలో నోటిమాటకు విలువ లేదు. గడిలో నిలిచిన పావుకే విలువ. తలక్రిందైనను ఏనుగు ఏనుగే. ఎన్నుకొన్న పావు ఆ గడిని తాకినతోడనే ఎన్నిక స్థిరమగును. బల్ల వెలుపల నున్న మంత్రిని తాకి, మనసు మార్చుకొని, గుఱ్ఱమును నిలిపినను దోషము లేదు. బంటును ముందుగా చివరి గడిలో పెట్టి తీయవచ్చును. లేదా దానిని తీసివైచి, తిన్నగా క్రొత్త పావునే ఆ గడిలో పెట్టవచ్చును. ఎత్తంతయు ఒక్క చేతితోనే చేసి, ఆ చేతితోనే గడియారము నొక్కవలెను.

బంటును బంటుగానే విడిచి గడియారము నొక్కుట చెల్లని ఎత్తు. అప్పుడు ఆ బంటు మంత్రిగానే మార్చబడును. గుఱ్ఱము కావలెనని కోరినను వినరు. సాధారణ కాలపు ఆటలో మొదటి తప్పునకు ఎదుటివానికి రెండు నిమిషములు చేర్చుదురు. మరల చెల్లని ఎత్తు వేసినచో సాధారణముగా ఆట పోవును.

మఱి మంత్రి దొరకనిచో ఏమి చేయవలెను? గడియారమును ఆపి మధ్యవర్తిని పిలువవలెను. దీనికి నిబంధనలలోనే అనుమతి కలదు. చాలమంది పిల్లలు గడియారమును ఆపుట అపరాధమని భయపడి, ప్రక్కబల్లపై చేయి చాతురు. దానివలన మఱి ఇద్దఱి ఆట చెడును. బంటు ఏడవ వరుసకు రాకమునుపే కావలసిన పావు దగ్గఱ నున్నదో లేదో చూచుకొనుట మేలు. ఎదుటివాని మర్యాద కూడ ఒకటి కలదు. పట్టిన పావులను గుప్పిటిలో త్రిప్పుచు కూర్చుండక, అందఱికి కనబడునట్లు బల్లప్రక్కన ఉంచవలెను.

మన దేశపు పాత ఆటలో ఈ ఎన్నిక సాధారణముగా లేదు. బంటు ఏ పావు నిలుచు గడిని చేరునో ఆ పావే అగును. పంజాబునుండి వెళ్లి 1929 లో బ్రిటిషు విజేత యైన మీర్ సుల్తాన్ ఖాను ఇట్టి దేశీయ ఆటలోనే పెరిగి, పిమ్మట ఐరోపా నిబంధనలు నేర్చెను.

ఎన్నిక యున్నను అందఱు మంత్రినే కోరుదురు గదా యనవచ్చును. దీనికి సమాధానము ఒక క్రైస్తవ గురువు చూపెను. ఆయన స్పెయిను దేశీయుడైన ఫెర్నాండో సావేడ్రా. గ్లాస్గో నగరమున నివసించెను. 1895 లో అచ్చటి పత్రికలో ఒక స్థితి సమమని ప్రకటింపగా, తెలుపు గెలుచునని ఆయన కనుగొనెను. నేడు దానిని ఇట్లు అమర్చుదురు: తెల్లరాజు బి6, తెల్లబంటు సి6, నల్లరాజు ఏ1, నల్లఏనుగు డి5. నిలువు వరుసలకు తెలుపువాని ఎడమనుండి ఏ, బి, సి యని పేర్లు; అడ్డవరుసలకు 1 నుండి 8 వఱకు అంకెలు.

బంటు సి7 కు పోవును. నల్లఏనుగు డి6, డి5, డి4, డి3 లనుండి వరుసగా తెల్లరాజును బెదిరించును. రాజు బి5, బి4, బి3 లమీదుగా సి2 కు దిగును. అప్పుడు ఏనుగు డి4 కు పోయి కాచుకొనును. ఇప్పుడు తెలుపు మంత్రిని తెచ్చుకొన్నచో నల్లఏనుగు సి4 కు వచ్చి రాజును బెదిరించును. మంత్రి దానిని చంపగానే నల్లరాజునకు దాడియు లేదు, కదలుటకు గడియు లేదు, ఆట సమమగును. అందుచేత తెలుపు ఏనుగును ఎన్నుకొనవలెను. అది ఏ8 కు పోయిన ఆటకట్టు గనుక నల్లఏనుగు ఏ4 లో అడ్డుపడక తప్పదు. అంతట తెల్లరాజు బి3 కు జరుగును. ఇక ఒకవైపు ఏ4 లోని ఏనుగునకు ముప్పు, మఱియొకవైపు సి1 లో ఆటకట్టు. నలుపు రెండింటిని ఒక్క ఎత్తులో ఆపజాలదు. బల్లపై పావులు పేర్చి చూడుడు; ఈసారి ఏనుగును నిటారుగానే నిలుపుడు.