తడిసిన సోఫా

మంథని గోదావరి తీరాన ఉన్న ప్రాచీన పట్టణం. 2022 జులైలో కురిసిన భారీ వర్షాలకు గోదావరితో పాటు బొక్కల వాగు కూడా ఉప్పొంగి పట్టణంలోని ఇళ్లలోకి నీరు చేరింది. అటువంటి వరద తగ్గిన తరువాత గృహస్థులను వేధించే ప్రశ్నలలో ఒకటి, వేల రూపాయలు పెట్టి కొన్న సోఫాను ఉంచుకోవాలా, పారవేయాలా అన్నది.

సోఫా ఒకే వస్తువు వలె కనిపించినా కొయ్య చట్రం, స్పాంజి, పైగుడ్డ వేరువేరు. చాలామంది పైగుడ్డను ఉతికి, తక్కినదానిని ఎండలో పెట్టి, పని ముగిసినదని భావిస్తారు. అసలు ప్రమాదం స్పాంజిలో ఉన్నది. అది నీటిని పీల్చుకొని లోలోపల రోజుల తరబడి చెమ్మను నిలుపుకొంటుంది. ఒకటి రెండు రోజులలోనే బూజు పుట్టనారంభిస్తుంది. పైగా వరద నీటిలో మురుగు కలిసి ఉంటుంది. కనుక ఎంత ఎండబెట్టినా ఆ స్పాంజిని నమ్మరాదు. ఉబ్బసం ఉన్నవారి ఇంట దానిపై మమకారం అసలే తగదు.

టేకు చట్రం సంగతి వేరు. సబ్బునీటితో కడిగి, గాలి ఆడే నీడలో ఆరనిస్తే అది మరల ఉపయోగపడుతుంది. మండుటెండలో పెడితే బీటలు వారుతుంది. ప్లైవుడ్డు చట్రమైతే పొరలు విడిపోతాయి. దానికి మరమ్మతు చేయించడం దండుగ. చట్రం పూర్తిగా ఆరిన పిదపనే కొత్త స్పాంజి వేయించాలి.

వరద లేని రోజులలో శ్రమ స్వల్పమే. వారానికొకసారి మెత్తని బ్రష్షుతో మూలలలోని దుమ్ము తీయాలి. టీ ఒలికితే రుద్దరాదు, మరక లోనికి దిగుతుంది. పొడి నూలుగుడ్డతో అద్దాలి. వర్షాకాలంలో సోఫాను గోడకు జానెడు దూరంలో ఉంచితే వెనుకవైపు చెమ్మ పట్టదు.