ఫికార్ సంగతి

సావో పాలో

ప్రియమైన తమ్ముడు వంశీకి,

నీ ఉత్తరం అందింది. పోర్చుగీసులో ఫికార్ అనే ఒక్క క్రియకి ఉండు, అవు, మిగులు, నప్పు, ఉంచుకో అని ఇన్ని అర్థాలుంటే ఎలా బట్టీ పట్టాలని అడిగావు. అసలు బట్టీ పట్టకు. ఆ జాబితా నిఘంటువు రాసేవాళ్ల అవసరం. మాట్లాడేవాళ్లకి ఇదంతా ఒకే క్రియ: మనిషైనా వస్తువైనా చివరికి ఎక్కడ, ఏ స్థితిలో తేలిందో చెబుతుంది. దాని పక్కన ఏ మాట వచ్చిందో గమనించు, చాలు.

'ఇస్తో దుఎంచి' అంటే ఒంట్లో బాగాలేదని. 'ఫికేయ్ దుఎంచి' అంటే జబ్బుపడ్డానని. మనం జబ్బు పడతాం, అలిసిపోతాం, డబ్బున్నవాళ్లం అవుతాం. ఇక్కడివాళ్లకి అన్నిటికీ ఫికారే. (ఫికేయ్ రాసేటప్పుడు 'సి' పోయి 'క్యూ, యు' వస్తాయి, మరిచిపోకు.) దారి అడగడానికీ ఇదే: 'ఓంజి ఫీకా ఉ మెట్రో?' కానీ ఇది కదలని వాటికే. తాళంచెవులు ఎక్కడున్నాయని అడగాలంటే ఇస్తార్ (పైన చెప్పిన 'ఇస్తో' దాని రూపమే) వాడు.

పక్కన 'కోం', అంటే మన 'తో', చేరితే ఇంకో దారి. కొట్లో చొక్కా చూపించి 'ఫీకు కోం ఎస్సి' అంటే ఇది తీసుకుంటానని. మనిషి పేరు చేరిందా, జాగ్రత్త! బ్రెజిల్ కుర్రకారు నోట అది ముద్దుముచ్చట్ల వ్యవహారం, పెళ్లి మాట లేని నాలుగు రోజుల స్నేహం. రాత్రి పని ఎక్కువై ఆఫీసులో ఫలానా అమ్మాయితో పాటు ఉండిపోయానని చెప్పబోయి 'ఫికేయ్ కోం' అన్నావంటే, మర్నాటికి ఆఫీసంతా నీ కథే.

ఈ క్రియ పేరుతో ఇక్కడ చరిత్రలో ఒక రోజే ఉంది, 'జియా దు ఫీకు' అని. పోర్చుగల్ యువరాజు దోం పెద్రోని బ్రెజిల్ నుంచి తిరిగి వచ్చేయమని లిస్బన్ చట్టసభ ఆజ్ఞాపించింది. 1822 జనవరి 9న రియో డి జనీరోలో ఆయన 'ఫీకు' అన్నాడు. అదే ఏడాది సెప్టెంబర్ 7న బ్రెజిల్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. 'ఉన్నాను' అంటే ఆ మాట బరువు రాదు. వెళ్లాల్సినవాడు వెళ్లనంటున్నాడు, అంటే మన 'ఉండిపోతాను'. నాకైతే ఫికార్‌కి అంతకన్నా దగ్గరి తెలుగు దొరకలేదు.

ఇక నీ ఇంటి సంగతి. అద్దె కాంట్రాక్టు ఏమైందని అడిగితే ఏజెంటు ఆఫీసులో 'ఎలి ఫికో జి మందార్' అన్నారని, పంపేశాడు కాబోలని ఎదురుచూస్తున్నానని రాశావు. ఫికార్ పక్కన 'జి' వస్తే ఒప్పుకున్నాడని మాత్రమే. పంపిస్తానన్నాడు, ఇంకా పంపలేదు. ఆ మాట వినపడిందంటే చాలాసార్లు పని అక్కడే ఆగి ఉంటుంది. శుక్రవారంలోగా నువ్వే ఫోన్ చెయ్యి. అతను దొరక్కపోతే నాకు చెప్పు, నేను మాట్లాడతాను.

నీ అక్క