రోటవేటరు షాఫ్టుకడ జాగ్రత్త

ట్రాక్టరునుండి రోటవేటరునకు శక్తి నందించు షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనునకు 9 చుట్లు తిరుగును. షాఫ్టు 3 అంగుళముల లావుగలదైనచో, చిక్కిన గుడ్డను సెకనులో 7 అడుగులు చుట్టుకొనును. నాలుగు మూరల కండువాకు సెకనైనను పట్టదు; ఇక చేయి వెనుకకు దీసికొను వ్యవధి యెక్కడిది? కావున తిరుగుచున్న షాఫ్టును దాటరాదు. గ్రీజు పెట్టుట కడ్డమని దానిపై ప్లాస్టికు తొడుగును ఊడదీసి గట్టున పారవేయు అలవాటు మన పల్లెలలో కలదు. అది మానవలెను, పగిలిన తొడుగును వెంటనే మార్పింపవలెను.

బ్లేడులకు చుట్టుకొనిన గడ్డి తీయుటకు డ్రైవరు క్లచ్చి త్రొక్కియుంచుట చాలదు. కాలు జారిన షాఫ్టు తిరుగును. ఇంజను నాపి, తాళపుచెవి జేబులో వేసికొని, షాఫ్టు పూర్తిగా నిలిచిన పిమ్మటనే దగ్గరకు పోవలెను. పైకెత్తిన రోటవేటరు క్రింద గట్టి దిమ్మలు పెట్టనిదే చేయి చొప్పింపరాదు. హైడ్రాలిక్కును నమ్మి దాని క్రింద దూరరాదు.