పాత చైన్ సా బాగుచేసుకోవడం: పార్టు పేరుతో కాదు, నంబరుతో అడగండి

ఆచ్ఛాదనకు కొమ్మలు కోసే పాత చైన్ సా స్టార్ట్ అవ్వట్లేదని తూకానికి అమ్మేయకండి. ముందు పెట్రోల్ పైపు, కార్బురేటర్ డయాఫ్రమ్ చూడండి. ఏళ్ల తరబడి మూల పడేస్తే ఈ రెండూ గట్టిపడిపోతాయి.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే రాణిగంజ్ దగ్గరే. మోడల్ పేరు చెప్పి అడిగితే నాకు ప్రతి షాపులోనూ "లేదన్నా" అనే అన్నారు. విప్పిన పార్టు కౌంటర్ మీద పెట్టాక కథ మారింది. డయాఫ్రమ్ కిట్‌కు కార్బురేటర్ మీది నంబరు చాలు, బేరింగ్‌కూ అంతే. ఆయిల్ సీల్‌కైతే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం చెప్పాలి. చైనుకు ఒకటో రివెట్ నుంచి మూడో రివెట్ దాకా కొలిచి సగం చేస్తే అదే పిచ్. బార్ గాడి వెడల్పు, డ్రైవ్ లింకుల లెక్క కూడా రాసుకెళ్లండి.

సీల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. అది లీకైతే గాలి ఎక్కువ దూరి, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. నాది అలాగే పోయింది. పిస్టన్‌కు ఈ నంబర్ల ఉపాయం పనిచేయదు, ఆ మోడల్‌దే కావాలి. ఇంకా వెతుకుతూనే ఉన్నాను!

పాత మిషన్లలో చాలావాటికి చైన్ బ్రేక్ ఉండదు, భుజం ఎత్తు దాటి కోయకండి. సీల్ మార్చే పద్ధతి కింది వీడియోలో ఉంది.