అడవిలో ముందు కాళ్ల కిందికి చూడు

మార్కాపురం

చి. అమ్మలుకి,

నీకు అటవీశాఖలో సెక్షన్ ఆఫీసరుగా నల్లమలలోనే పోస్టింగు వచ్చిందని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. అప్పటినుంచి మీ పెద్దమ్మ వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ ఇదే చెబుతోంది. నాకైతే నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు నేను తిరిగిన అడవిలోకి మన ఇంటి పిల్ల వెళ్తోంది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. దాచుకో.

రాజమండ్రి ట్రైనింగులో నీకు చెట్ల పేర్లు, కేసులు రాయడం, కంపార్టుమెంటు హద్దులు, పులి అడుగులు కొలవడం అన్నీ నేర్పి ఉంటారు. నేల గురించి కూడా ఒకటో రెండో పాఠాలు చెప్పే ఉంటారు. ఆ పాఠం పరీక్ష రాసిన రోజే మర్చిపోతాం. ఉద్యోగంలో చేరిన పదేళ్ల దాకా నేను అడవిలో తలెత్తుకునే నడిచాను. మాను చుట్టుకొలత ఎంత, నిటారుగా ఉందా, ఎవరైనా గొడ్డలి పెట్టారా, నా చూపంతా అక్కడే. కాళ్ల కింద ఏముందో చూడడం ఒక ప్లాంటేషను పాడుచేసుకున్నాక నేర్చుకున్నాను. ఆ సంగతి చెబుతాను గానీ, ముందు నువ్వు చేరిన మొదటి వారంలోనే ఒక పని చెయ్యి.

వెదురూ నల్లమద్దీ కలిసి పెరిగిన పల్లపు చోటు ఒకటి చూసుకో. ఈమధ్య మంట తగలని చోటై ఉండాలి. మోకాళ్ల మీద కూర్చుని ఆకుల్ని చేత్తో పొర తర్వాత పొర తియ్యి. పైనున్నవి ఈ ఏడు రాలినవి, గలగలమంటాయి, ఏ చెట్టువో చెప్పగలవు. వాటి కిందివి నల్లబడి, మెత్తబడి, ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలా ఉంటాయి. వాటి మధ్య తెల్లటి దారాలు అల్లుకుని కనిపిస్తాయి. అది బూజే, కానీ ఆకును మట్టి చేసే పని దానిదే. ఇంకా కిందికి పోతే, ఆకు అనాలో మట్టి అనాలో తెలియని నల్లటి పొడి తగులుతుంది. గుప్పెడు తీసి వాసన చూడు. తొలకరి వాసన వస్తుంది. మనం వానకి అంటగట్టే ఆ వాసన నిజానికి మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది. ఆ పొడి కింద ముదురు గోధుమ రంగు మట్టి, దాని కింద ఎరుపు, ఇంకా కింద రాతి ముక్కలు కలిసిన గరుసు. అంతవరకు గుంత తవ్వి, దాని ఒక గోడను నున్నగా చెక్కి, టేపు పెట్టి, ఏ రంగు ఎంతవరకు ఉందో నోటుబుక్కులో గీసుకో.

ఆ నల్ల పొర రెండు వేళ్ల మందం ఉంటే మన అడవికి అదే గొప్ప. పుస్తకాల్లో చలిదేశపు అడవుల బొమ్మలు చూసి అంత మందం ఇక్కడ వెతక్కు. అక్కడ చలికి ఆకు ఏళ్ల తరబడి కుళ్లకుండా పేరుకుంటుంది. మనకు శివరాత్రి నాటికి రాలిన ఆకును ఎండాకాలమంతా చెదలు కొరికి, వానాకాలంలో బూజులూ పురుగులూ కలిసి చాలావరకు తినేస్తాయి. మన నేలకు నిల్వ తక్కువ, రాకపోకలు ఎక్కువ. ఒక ఏడు ఆకు అందకపోయినా ఆ లోటు తెలుస్తుంది.

ఇక రాయి సంగతి. నేను ఈ ఉత్తరం రాస్తున్న ఊరు పలకలకు పేరుమోసింది. నువ్వు అఆలు దిద్దిన పలక ఇక్కడి గనుల్లోదే. ఆ పలకరాయీ, నల్లమల కొండల వీపుల మీద కనిపించే క్వార్ట్‌జైటూ వంద కోట్ల ఏళ్లు పైబడిన సముద్రపు అడుగులే. ఒకటి బురద, ఒకటి ఇసుక, రెండూ నొక్కుకుపోయి గట్టిపడ్డాయి. క్వార్ట్‌జైట్ మొండి రాయి. ఎండకు పగులుతుంది, చీలికలో పడ్డ గింజ వేరు దాన్ని ఇంకాస్త విడదీస్తుంది, అయినా ఇసుక, గులక తప్ప ఎక్కువ ఇవ్వదు. అందుకే ఆ గట్ల మీద నీకు జానెడు మట్టిలో నిలబడ్డ అందుగు చెట్లు కనిపిస్తాయి. పలకరాయి పొరలు పొరలుగా విడుతుంది. నీరూ వేరూ ఆ పొరల్లోకి దూరతాయి. వేరు విడిచే బొగ్గుపులుసు వాయువు నీళ్లలో కలిసి సన్నటి పులుపవుతుంది. ఆ పులుపు తగిలి తగిలి రాయి బంకమట్టి అవుతుంది. ఆ మట్టి నీటినీ సారాన్నీ పట్టి ఉంచుతుంది. ఒకే కొండ, ఒకే వాన, అర గంట నడక దూరంలో రెండు నేలలు, రెండు అడవులు. నీ సెక్షను మ్యాపు మీద ఏ రాయి ఎక్కడుందో పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటే, ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో సగం తెలిసినట్టే.

నేలల శాస్త్రవేత్త హాన్స్ జెన్నీ 1941లో రాసిన పుస్తకంలో నేల తయారవడానికి చెప్పిన ఐదు కారణాలు నీకు కంఠతా వచ్చే ఉంటాయి: రాయి, వాతావరణం, ప్రాణులు, వాలు, కాలం. అంతకు చాలా ముందే, 1883లో, రష్యాలో దొకుచాయెవ్ నల్లనేలల మీద రాస్తూ ఈ దారి వేశాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో నాకు అర్థమైంది ఒకటే. రాయిని మనం మార్చలేం. వానను తెప్పించలేం. కొండను చదును చేయలేం, చేయకూడదు కూడా. ఒక అంగుళం మట్టి తయారవడానికి పట్టే వందల ఏళ్లను మన సర్వీసులోకి కుదించలేం. ఈ ఐదింటిలో మన చేయి ఆనేది ఒక్క ప్రాణుల మీదే. రాలిన ఆకును నేల మీద ఉండనివ్వడం, చెదనూ వానపామునూ బూజునూ వేరునూ వాటి పని చేసుకోనివ్వడం. నువ్వు నేలకు చేయగల మేలు ఇదే. చెడు చేసినా ఇక్కడే చేస్తావు.

వానపాముల మీద డార్విన్ 1881లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. మన నల్లమలలో మాత్రం ఎండాకాలం అవి లోతుకు దిగి పడుకుంటాయి, బరువంతా చెదల మీదే పడుతుంది. పుట్టను చూస్తే చిరాకు పడకు. ఆ సన్నటి మట్టి అడుగుల లోతు నుంచి పైకి వచ్చింది. అది వానకు కరిగి చుట్టూ పరుచుకుంటుంది. చెద తవ్విన దారుల గుండానే వాన లోపలికి దిగుతుంది.

దిగడం అంటే ఏమిటో నీ కళ్లతో చూడాలంటే, రెండు పక్కలా మూత తీసేసిన పాలపొడి డబ్బా ఒకటి సంపాదించు. ఆకు కప్పు ఉన్నచోట రెండంగుళాలు నేలలోకి దింపి, లీటరు నీళ్లు పోసి వాచీ చూసుకో. తర్వాత పశువులు రోజూ నడిచే బాటలో అదే డబ్బా దింపు. అసలు అక్కడ దింపడమే కష్టం. మొదటిచోట నువ్వు చూస్తుండగానే నీళ్లు మాయమవుతాయి. రెండోచోట టీ తాగి వచ్చినా నిలిచే ఉంటాయి. వర్షాకాలం అయిపోయాక కూడా వాగు పారుతోందంటే, ఇలా దిగిన నీరు నెమ్మదిగా ఊటగా బయటికి రావడమే. చెట్లు వానను తెస్తాయో లేదో నేను వాదించను, అవి నీళ్లు తాగుతాయి కూడా. వచ్చిన వానను నేలలోకి దించేది మాత్రం చెట్టు కింది మెత్తటి మట్టే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 1980ల్లో ఒక వాలు మీద టేకు వేశాం. పొదలు కొట్టించి, ఆకునంతా కుప్పలు పోయించి, మే నెలలో కాల్పించాను. అప్పటి పద్ధతి అదే, పైవాళ్లు చెప్పారు, నేనూ నమ్మాను. బూడిదకు మొదటి ఏడు నాటిన టేకు స్టంపులు ఎంత పచ్చగా లేచాయో! ఇనస్పెక్షనుకు వచ్చిన అధికారి నా భుజం తట్టాడు. తర్వాత ఏటా వేసవిలో ఎండిన టేకాకుకు నిప్పు తగిలింది, కింద గడ్డీ పొదా లేకుండా పోయాయి. వానలో ఆ చెట్ల కింద నిలబడి చూడు. విస్తరి అంత టేకాకు మీద నీరు చేరి లావు బొట్లుగా కారుతుంది. ఉత్త వాన చినుకు కంటే ఆ బొట్టు దెబ్బే గట్టిది. అడుగున ఆకు కప్పు లేకపోతే మట్టి చిమ్ముతుంది. నాలుగో ఏడు నేను వెళ్లేసరికి మానుల మొదళ్లు మూరెడు ఎత్తున ఎర్రటి బురద పూసినట్టు ఉన్నాయి. నేలంతా చిన్న చిన్న మట్టి దిమ్మెలు, ప్రతి దిమ్మె నెత్తి మీద ఒక గులకరాయి. రాయి గొడుగు పట్టినంత మేర మట్టి నిలిచింది, చుట్టూ ఉన్నది పోయింది. ఆ దిమ్మెల ఎత్తు బొటనవేలంత. నాలుగు వర్షాకాలాల్లో నా చేతుల మీదుగా పోయిన మట్టి అది. వేళ్లు పైకి తేలాయి, చెట్లు ఎదుగు మానేశాయి. కొండ కింద గూడెం ఆడవాళ్లు ఉగాది దాకా నీళ్లు తోడుకునే చెలమ సంక్రాంతికే ఎండిపోయింది. వాళ్లు నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఇప్పటికీ నన్ను కోస్తోంది.

టేకుదేం తప్పు లేదు. కింద పొద ఉండి, ఆకు మిగిలితే అది కూడా నేలను కాపాడుతుంది.

1927 నాటి అటవీ చట్టం పైమట్టిని కూడా అటవీ ఉత్పత్తిలోనే చేర్చింది. దుంగ పోతే కేసు రాస్తాం. మట్టి వానలో పోతే ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. అలా పోయిన మట్టి ఎక్కడ చేరుతుందో చూడు: శ్రీశైలం జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల తర్వాత 215కి పడిపోయింది. ఆ పూడికంతా నల్లమలది కాదు, కృష్ణమ్మ మహారాష్ట్ర నుంచీ మోసుకొచ్చింది. అయినా నువ్వు ఆ నీటి ఒడ్డునే ఉద్యోగం చేయబోతున్నావు, గుర్తుండాలి. కర్బనం లెక్కలోనూ మట్టి ఎవరికీ గుర్తుకు రాదు. మన దేశపు అడవుల్లో దాగున్న కర్బనంలో సగానికి పైగా నేలలోనే ఉందని ఫారెస్ట్ సర్వే వాళ్ల 2021 నివేదిక చెబుతోంది. అయినా అందరూ చెట్లను చూపించి ఫోటోలు దిగుతారు.

మంట విషయంలో తొందరపడి ఎవర్నీ దొంగలుగా చూడకు. ఇప్పపూలు ఏరుకునేవాళ్లు పూలు కనిపించాలని చెట్టు కింద ఆకు తగలబెడతారు. తునికాకు చిగురు బాగా రావాలని కొందరు పెడతారు. ఫిబ్రవరి రాకముందే గూడేలకు వెళ్లి కూర్చుని మాట్లాడు. పాత చీరలో, వలలో పరిచి పూలు పట్టుకుంటే శుభ్రంగా ఉంటాయి, ధరా వస్తుంది. ఫైర్‌లైన్లు సకాలంలో గీయించు. ఒకసారి పైపైన పాకిపోయిన మంటను నేల తట్టుకుంటుంది. ఏటా పడే మంటకే నల్ల పొర మిగలదు.

కందకాల టార్గెట్టు వస్తుంది. బోడి వాలు మీద, గండ్లు పడ్డచోట తవ్వించు, మంచిదే. నిండుగా ఆకు కప్పు ఉన్న అడవిలో మాత్రం తవ్వించకు. వేళ్లు తెగుతాయి, కింది ఎర్రమట్టి పైకొచ్చి నల్లమట్టి కిందపడుతుంది. ఎందుకు తవ్వించలేదో ఫైలులో రాయి, నీ డబ్బా లెక్కలు జతచెయ్యి. ఒక్కోసారి మాట పడాల్సి వస్తుంది. పడు.

చెంచు పెద్దలతో నడవడం అలవాటు చేసుకో. గడ్డలు తవ్వే ఒక తాతను నేను చాలాసేపు చూశాను. గడ్డ తీసుకుని, తీగ మొదలు దగ్గర కొంత వదిలి, తవ్విన మట్టి గుంతలో నెట్టి, కాలితో అదిమి, పక్కనున్న ఆకులు దాని మీదికి లాగాడు. ఎందుకని అడిగితే నా వైపు వింతగా చూసి, "మళ్లా రావద్దా సారూ?" అన్నాడు. నా ప్లాంటేషను పోయిన తర్వాతి ఏడు జరిగిన సంగతి ఇది.

ఈ ఉత్తరంతో పాటు నా పాత భూతద్దం, ఇనప తాపీ పంపుతున్నాను. తాపీ పిడి మీ పెద్దమ్మ మార్పించింది. జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు వాగు దగ్గరికి వెళ్లు. నీళ్లు తేరుకుని ఉంటే సరే. ఎర్రగా ఉంటే వాగు వెంట పైకి నడువు. రెండు పాయలు కలిసేచోట ఆగి ఏ పాయ ఎర్రగా ఉందో చూసి దాన్ని పట్టుకో. అలా పోతే ఆ ఎరుపు మొదలైన చోటు దొరుకుతుంది. అక్కడ ఏముందో చూసి సాయంత్రం నాకు ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా సరే.

ఇట్లు
నీ పెదనాన్న