హద్దు దాటిన ఉత్తర్వును దారికి తేవడం ఎలా?

అమీర్‌పేట ఆటోవాలాకు ‘హుడా మైత్రీవనం’ అంటే చాలు, మారు మాట్లాడకుండా తీసుకెళ్తాడు. 2008లో హుడా పోయి హెచ్‌ఎండీఏ వచ్చినా, నగరానికి నక్షాలు గీసిన ఆ సంస్థ పేరు భవనాన్ని వదల్లేదు. నక్షా గీసే పని కోర్టులు కూడా చేయవచ్చా? ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ప్రశ్న అదే. హైకోర్టు హద్దు దాటిందనిపిస్తే ఏం చేయాలో ఆ కేసు వెంటే నడిచి చూద్దాం.

1. ముందు హక్కును గుర్తించాలి. రాజధాని కోసం రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇస్తామని సర్కారు ఒప్పుకుంది. 2020లో రాజధానిని మూడు చోట్లకు పంచే ‘మూడు రాజధానుల’ చట్టం రాగానే రైతులు రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్లు వేశారు. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నా విచారణ ఆగలేదు. ఇంతవరకు కోర్టు తన హద్దులోనే ఉంది.

2. ఉత్తర్వును విడదీసి చదవాలి. 2022 మార్చి 3న హైకోర్టు త్రిసభ్య ధర్మాసనం తీర్పిచ్చింది. రైతులకిచ్చిన మాట తప్పకూడదన్నది ఒక భాగం. నెలలో రోడ్లు, నీరు, కరెంటు వంటి వసతులు, మూడు నెలల్లో ప్లాట్లు, ఆరు నెలల్లో రాజధాని అన్నది మరో భాగం. పేచీ ఈ గడువుల దగ్గరే.

3. పైకోర్టుకు వెళ్లాలి. 136వ అధికరణ కింద స్పెషల్ లీవ్ పిటిషన్‌కు మామూలుగా 90 రోజుల గడువు. దాటితే కారణం చెప్పుకోవాలి. రాష్ట్రం సెప్టెంబరులో వెళ్లింది. స్టే రాకముందే ఉత్తర్వును పక్కన పెడితే కోర్టు ధిక్కరణ మెడకు చుట్టుకుంటుంది.

4. దేనిమీద స్టే కావాలో తేల్చి అడగాలి. 2022 నవంబరు 28న జస్టిస్ కె.ఎం. జోసెఫ్, జస్టిస్ బి.వి. నాగరత్నల ధర్మాసనం, కోర్టులు టౌన్ ప్లానర్లవుతాయా అని ప్రశ్నించింది. గడువులతో కూడిన ఆదేశాలను మాత్రమే నిలిపేసింది. తీర్పు మొత్తాన్ని కాదు.

5. స్టేను గెలుపుగా చాటుకోకూడదు. అది మధ్యంతర ఏర్పాటే. రైతు హక్కు దానితో చెరిగిపోదు.

మాట నిలబెట్టుకోమని కోర్టు సర్కారుకు చెప్పవచ్చు, రోడ్డు వేయాల్సింది మాత్రం ఇంజనీరే. రాసిచ్చిన మాటను సర్కారు మొదటే నిలబెట్టుకుని ఉంటే, ఈ అయిదు మెట్లలో ఒక్కటీ ఎక్కాల్సిన పని ఉండేది కాదు.