ఇల్లు ఎక్కడో, బడీ అక్కడే

కొన్నేళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో టులెట్ బోర్డు చూసి వెళ్లాను. గదులన్నీ చూపించారు. పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామండీ" అన్నారు. చివరకు మలక్‌పేట వైపు మనవాళ్ల బస్తీలోనే ఇల్లు దొరికింది. పిల్లలకు బడీ అక్కడే కుదిరింది.

విద్యాహక్కు చట్టం (2009) నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు ఉండాలి. మంచిదే. కానీ ఇళ్లు మతాన్ని బట్టి విడిపోతే, దగ్గరి బడిలో పిల్లలూ విడిపోతారు. అమెరికాలో 1954లో సుప్రీంకోర్టు వేరు బడులు చెల్లవన్నా, పేటలు వేరుగా ఉన్న నగరాల్లో తరగతులు సరిగా కలవలేదు. భద్రత కోసం ముస్లింలు ఒకేచోట చేరడాన్ని, ఆ బస్తీలకు పౌరసౌకర్యాలు అందకపోవడాన్ని మన సచార్ కమిటీ 2006లోనే చెప్పింది.

నష్టం ఇరువైపులా ఉంది. మన బస్తీ నుంచి ఆరో తరగతికి వచ్చిన పిల్లలు లెక్కలు చకచకా చేస్తారు, తెలుగులో నోరు విప్పరు. పక్క బెంచీ పిల్లలకు రంజాన్ అంటే హలీమ్ ఒక్కటే తెలుసు.

దాతలారా, ఫీజుతో పాటు బస్తీ దాటి చదివే బిడ్డకు బస్ పాస్, సాయంత్రం తెలుగు ట్యూషన్ ఇప్పించండి. మీలో ఇళ్లున్నవారు అద్దెకిచ్చేటప్పుడు పేరును బట్టి కాదనకండి.